కోడి వ్యాధికి చేప కణం

(హైదరాబాద్‌లో పశువైద్య విద్యార్థులు, కోళ్ల రైతులు, సైన్సు మీద ఆసక్తి గల నగరవాసులు హాజరైన ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థి మిత్రులకు, పని మానుకుని వచ్చిన రైతు సోదరులకు నమస్కారం.

మృగశిర కార్తె ప్రవేశించే రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం దగ్గర ఎంత పెద్ద వరుసలు కడతారో ఈ నగరంలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. కొర్రమీను పిల్ల నోట్లో మందు ఉంచి, ఆ పిల్లను ఉబ్బసం ఉన్న మనిషి గొంతులోకి జార్చే ఆ ఏర్పాటు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. ఆ మందు నేటి విషయం కాదు. దాని గురించి నా అభిప్రాయం అడగవద్దని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. అయితే చేపకూ మందుకూ ముడిపెట్టి మాట్లాడడం ఈ ఊరికి కొత్త కాదు కాబట్టి, బర్డ్ ఫ్లూ టీకా తయారీలో చేప కణాలు ఎంతవరకు అక్కరకు వస్తాయన్న ఈనాటి ప్రసంగ విషయం మీకు మరీ విడ్డూరంగా తోచదని నా ధైర్యం.

ముందు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. 2015 ఏప్రిల్‌లో మన హయత్‌నగర్ పక్కన తొర్రూరులో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడినప్పుడు కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరులోనూ అదే దృశ్యం. ఆ మార్చిలోనే నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్ సోకి మరణించింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి. కాబట్టి ఇది ఎక్కడో జరిగే ముచ్చట కాదు.

ఇప్పుడు టీకా సంగతి. మనుషులకు ఇచ్చే ఫ్లూ టీకాలో అధిక భాగం నేటికీ కోడిగుడ్డులోనే తయారవుతుంది. తొమ్మిది నుంచి పదకొండు రోజులు పొదిగిన గుడ్డును దీపం ముందు పెట్టి పిండం బతికి ఉందో లేదో చూసి, పెంకుకు చిన్న రంధ్రం చేసి, పిండం చుట్టూ ఉండే ద్రవంలోకి వైరస్‌ను ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత ఆ ద్రవాన్ని తీసి, అందులోని వైరస్‌ను చంపి, శుద్ధి చేస్తారు. 1940ల నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు. చవకైనది, నమ్మదగినది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే యువ శాస్త్రవేత్తలను చూస్తే నాకు కొంచెం చిరాకు కలుగుతుంది.

కాని బర్డ్ ఫ్లూ దగ్గరకు వచ్చేసరికి గుడ్డు మీద ఆధారపడడంలో ఒక విపరీతం ఉంది. ఏ వ్యాధికి టీకా కావాలో ఆ వ్యాధే టీకాకు కావలసిన కోళ్లను చంపుతుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమెరికాలో ఈ వ్యాధి వల్ల చనిపోయినవీ, చంపవలసి వచ్చినవీ కలిపి 16 కోట్లకు పైగా పక్షులు పోయాయి. టీకా గుడ్ల కోసం వేరుగా, కట్టుదిట్టంగా పెంచే కోళ్లకు ఇంతవరకు ఆ గతి పట్టకపోయినా, ఒక్క కంచె దాటితే పట్టవచ్చునన్న భయం మాత్రం ఉండనే ఉంటుంది. రెండో చిక్కు, ప్రాణాంతక హెచ్5ఎన్1 వైరస్‌ను ఉన్నదున్నట్టు గుడ్డులోకి ఎక్కిస్తే అది పిండాన్నే చంపేస్తుంది. ఈ చిక్కును రివర్స్ జెనెటిక్స్, అంటే జన్యువులను కోరినట్టు కూర్చి వైరస్‌ను తయారుచేసే పద్ధతి, తీర్చింది. వైరస్‌కు ఆ క్రూరత్వాన్ని ఇచ్చే చిన్న ముక్కను, వైరస్ ఉపరితలం మీద ఉండే హీమాగ్లూటినిన్ ప్రోటీన్ నుంచి తొలగించి, ప్రయోగశాలల్లో 1934 నుంచి ఉన్న ప్యూర్టోరికో-8 అనే పాత వైరస్ నుంచి ఆరు జన్యు ఖండాలు, కొత్త వైరస్ నుంచి రెండు తీసుకుని ఒక సాధు వైరస్‌ను కూరుస్తారు. మూడోది మోతాదు. మామూలు ఫ్లూ టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల ప్రోటీన్ సరిపోతుంటే, 2007లో అమెరికా అనుమతించిన మొదటి హెచ్5ఎన్1 టీకాకు 90 మైక్రోగ్రాముల చొప్పున రెండు మోతాదులు కావలసి వచ్చాయి. పన్నెండు రెట్లు! అన్ని గుడ్లు ఎక్కడి నుంచి తెస్తాం?

మోతాదు చిక్కును తర్వాత, టీకా ప్రభావాన్ని పెంచే అనుబంధ ద్రవ్యాలు చాలావరకు తీర్చాయి. 2020లో అనుమతి పొందిన ఆడెంజ్ అనే టీకాలో ఏడున్నర మైక్రోగ్రాములే సరిపోయాయి. దానికి తోడుగా వేసిన ఎంఎఫ్-59 అనే తెల్లని ఎమల్షన్‌లో ముఖ్యమైన నూనె స్క్వాలీన్. అది సొరచేప కాలేయం నుంచి వస్తుంది. చేప ఇప్పటికే బర్డ్ ఫ్లూ టీకాలోకి ప్రవేశించిందన్నమాట, కాకపోతే నూనె రూపంలో. మనం మాట్లాడుకోబోయేది కణం రూపంలో.

ఆడెంజ్‌లోని వైరస్ పెరిగింది గుడ్డులో కాదు, కుక్క మూత్రపిండ కణాల్లో. 1958లో మాడిన్, డార్బీ అనే ఇద్దరు ఒక కాకర్ స్పానియెల్ కుక్క నుంచి వేరుచేసిన ఎండీసీకే కణాలవి; వాటిలో తయారైన సీజనల్ ఫ్లూ టీకాకు 2012లో అమెరికా అనుమతి లభించింది. 1962లో జపాన్‌లోని చిబాలో ఆఫ్రికా పచ్చ కోతి మూత్రపిండం నుంచి వేరో కణాలు పుట్టాయి. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు ఆధారం ఆ కణాలే. నాకు ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, అదే 1962లో వుల్ఫ్, క్వింబీ అనే శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేప బీజకోశాల నుంచి ఆర్‌టీజీ-2 అనే కణ శ్రేణిని, అంటే ప్రయోగశాలలో తరతరాలుగా పెరుగుతూ పోయే కణాల వంశాన్ని, స్థాపించారు. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండింటిలో కోతి కణం ప్రపంచానికి టీకాలిచ్చింది, చేప కణం చేపల జబ్బుల దగ్గరే ఆగిపోయింది. ఇందుకు కారణం చేప కణంలో లోపమా, మనం దాని వంక చూడకపోవడమా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న.

చేప కణానికి ఉన్న సౌకర్యాలు చెబుతాను. క్షీరద కణాలను పెంచాలంటే 37 డిగ్రీల వేడి, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగిలించిన ఇంక్యుబేటరు ఉండాలి. చేప కణాలకు సాధారణంగా లీబోవిట్జ్ ఎల్-15 అనే పోషక ద్రవం వాడతారు. అది మామూలు గాలిలోనే తన ఆమ్లత్వాన్ని నిలుపుకుంటుంది కాబట్టి సిలిండరుతో పని లేదు. ట్రౌట్ కణాలకు 20 డిగ్రీల దగ్గర, మన శీలావతి, బొచ్చె చేపల కణాలకు 28 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. చేప శరీర కణాల్లో, క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా చూసే టెలోమెరేజ్ అనే ఎంజైమ్ జీవితాంతం పనిచేస్తూ ఉంటుంది గనుక, వాటిని ఏ క్యాన్సర్ జన్యువుతోనూ రెచ్చగొట్టకుండానే అంతులేకుండా విభజన చెందే శ్రేణులు తరచుగా వాటంతటవే ఏర్పడతాయి.

అన్నిటికంటే విలువైనది దూరం. 1955 నుంచి 1963 వరకు పోలియో టీకాలు కోతి మూత్రపిండ కణాల్లో తయారవుతూ, వాటిలో దాగిన ఎస్‌వీ-40 అనే కోతి వైరస్‌ను తెలియకుండానే కోట్ల మందికి అందించాయి. కోతి మనకు దగ్గరి చుట్టం కాబట్టి కోతి వైరస్ మనలో కుదురుకునే అవకాశం ఉంటుంది. 20 డిగ్రీల నీళ్లలో బతికే చేప వైరస్‌కు 37 డిగ్రీల మన ఒళ్లు నిప్పుల కుంపటి.

అయితే దూరం గురించి ఇలా మెచ్చుకోలుగా మాట్లాడి ఊరుకుంటే అది వకీలు వాదన అవుతుంది. ఆ దూరమే ఫ్లూ వైరస్‌కు కూడా అడ్డం కదా? పక్షి పేగులో 40 డిగ్రీల వేడికి అలవాటుపడిన వైరస్‌ను తెచ్చి చల్లని చేప కణం మీద వేస్తే అది ఎందుకు పెరగాలి?

వైరస్ కణంలో పెరగాలంటే మూడు గడపలు దాటాలి. మొదటిది తలుపు. పక్షి ఫ్లూ వైరస్ కణం ఉపరితలం మీద ఆల్ఫా-2,3 రకం ముడితో ఉన్న సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుంటుంది. మనిషి గొంతులో ఎక్కువగా ఉండేది ఆల్ఫా-2,6 రకం. చేపల్లో సయాలిక్ ఆమ్లాలు లేకపోలేదు. 2014లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయం వారు జీబ్రా చేప పిండాలకు ఫ్లూ-ఎ వైరస్‌ను ఎక్కించి, వాటిని 33 డిగ్రీల నీటిలో ఉంచి, వ్యాధి రావడమూ, ఫ్లూ మందు ఇస్తే తగ్గడమూ చూపించారు. కాబట్టి చేపకు తలుపు ఉంది. రెండోది తాళంచెవి: హీమాగ్లూటినిన్ రెండు ముక్కలు కావాలి. టీకా కోసం సాధువుగా మార్చిన వైరస్‌కు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను బయటి నుంచి కలపాలి. ఇది కుక్క కణాల్లో కూడా తప్పనిదే.

అసలు గట్టిది మూడో గడప. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను నకలు తీసుకునే యంత్రాంగం, అంటే పాలిమరేజ్, పక్షి శరీరపు వేడికీ పక్షి కణంలోని సహాయక ప్రోటీన్లకూ అలవాటుపడి ఉంటుంది. పక్షుల ఏఎన్‌పీ32ఏ అనే ప్రోటీన్‌లో 33 అమైనో ఆమ్లాల అదనపు ముక్క ఉందనీ, క్షీరదాల్లో అది లేకపోవడం వల్లనే పక్షి వైరస్ మనలో కుంటుతుందనీ 2016లో తేలింది. ఆ కుంటుదనాన్ని పూడ్చుకోవడానికే పీబీ2 ప్రోటీన్‌లో 627వ స్థానం దగ్గర మార్పు వస్తుంది. ఆ మార్పు రాని పక్షి వైరస్ 33 డిగ్రీల దగ్గర క్షీరద కణాల్లో మరీ బలహీనపడుతుంది. 28 డిగ్రీల దగ్గర సంగతి మీరే ఊహించుకోండి.

అందువల్ల చేప కణాన్ని గుడ్డుకు బదులుగా, ఉన్న వైరస్‌ను ఉన్నట్టు పెంచే పాత్రగా మాత్రమే చూసేవారికి నిరాశే మిగులుతుందని నా అభిప్రాయం. చేప కణం వల్ల మేలు జరిగేది వేరే దారుల్లో.

మొదటి దారి, చలిని శత్రువుగా కాక గురువుగా వాడుకోవడం. 1960లలో అమెరికాలోని మిషిగన్‌లో మాసాబ్ అనే శాస్త్రవేత్త ఆన్ ఆర్బర్‌లో దొరికిన ఫ్లూ వైరస్‌ను కోడిపిల్ల మూత్రపిండ కణాల్లో పెంచుతూ, మెల్లమెల్లగా ఉష్ణోగ్రతను 25 డిగ్రీలకు దించాడు. అలా చలికి అలవాటుపడిన వైరస్ మన ముక్కులోని చల్లదనంలో బతుకుతుంది, ఊపిరితిత్తుల వెచ్చదనంలో బతకలేదు. అంటే రక్షణ నేర్పుతుంది గాని జబ్బు చేయదు. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ముక్కు టీకాకు అదే తల్లి వైరస్. రష్యాలో లెనిన్‌గ్రాడ్ వైరస్‌ను ఇలాగే మలిచారు. మన దేశంలో 2010లో వచ్చిన నాసోవాక్ అనే ముక్కు టీకాకు మూలం ఆ లెనిన్‌గ్రాడ్ వైరస్. ఇక్కడ గమనించండి: మాసాబ్ వాడిన కోడి కణానికి 25 డిగ్రీలు బాధాకరం, కణమూ వైరస్సూ రెండూ కష్టపడ్డాయి. 28 డిగ్రీలను ఇంటి వాతావరణంగా భావించే శీలావతి కణంలో అయితే కష్టమంతా వైరస్ ఒక్కదానిదే అవుతుంది. ఏ మార్పు దేని వల్ల వచ్చిందో విడదీసి చూడడానికి అది శుభ్రమైన ఏర్పాటు.

చల్లని కణంలో ఫ్లూ కుటుంబం బతకదన్న నియమం లేదని కూడా గుర్తు చేస్తాను. 1984లో నార్వేలో పెంపకపు సాల్మన్ చేపల్లో బయటపడిన రక్తహీనత వ్యాధికి కారణమైన ఐఎస్‌ఏ వైరస్ ఫ్లూకు దాయాది. ఎనిమిది జన్యు ఖండాలు, అదే కుటుంబం, 15 డిగ్రీల దగ్గర ఉల్లాసంగా పెరుగుతుంది. 2018లో చైనా శాస్త్రవేత్తలు ఒక ముళ్ల ఈల్ చేపలో మన ఇన్‌ఫ్లుయెంజా-బికి చాలా దగ్గరి వైరస్ జన్యుపటాన్ని కనుగొన్నారు. చలిలో పనిచేసే ఫ్లూ పాలిమరేజ్ ప్రకృతిలో ఉంది. దాన్ని చదవడం మన వంతు.

రెండో దారిలో ఫ్లూ వైరస్‌తోనే పని లేదు. కణానికి హీమాగ్లూటినిన్ జన్యువును ఒక్కదాన్నే ఇచ్చి ఆ ప్రోటీన్‌ను మాత్రమే తయారు చేయించుకుంటాం. ఇది వట్టి ఊహ కాదు, పురుగు కణంతో జరిగిపోయిన పని. మన మొక్కజొన్న రైతులకు 2018 నుంచి నిద్ర లేకుండా చేస్తున్న కత్తెర పురుగు ఉంది కదా, ఆ జాతి అండాశయ కణాల్లో తయారైన ఫ్లూబ్లాక్ టీకాకు 2013లో అమెరికా అనుమతి లభించింది. పురుగు కణం ప్రోటీన్‌కు తగిలించే చక్కెరలు మన కణాల చక్కెరలంత పొడవుగా ఉండవు. అయినా టీకా పనిచేసింది. చేప వెన్నెముక గల జీవి కాబట్టి దాని కణం తగిలించే చక్కెరలు పురుగు కణం కంటే మనకు దగ్గరగా ఉంటాయి. పురుగుకు దొరికిన గౌరవం చేపకు ఎందుకు దక్కకూడదని అడిగితే నా దగ్గర శాస్త్రీయమైన అభ్యంతరం లేదు.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చేప వైరస్‌నే వాహనంగా చేసుకోవడం. రాబ్డో వైరస్‌లంటే రేబిస్ వైరస్ కుటుంబానికి చెందినవి; వాటిలో చేపలకు సోకేవి చేప కణాల్లో 15 డిగ్రీల దగ్గర విస్తారంగా పెరుగుతాయి, మన శరీర ఉష్ణోగ్రత దగ్గర పెరగలేవు. 2014లో ఫ్రాన్సు పరిశోధకులు అలాంటి ఒక వైరస్ ఉపరితలం మీద వెస్ట్ నైల్ వైరస్ ప్రోటీన్‌ను కూర్చి ఎలుకలకు ఇస్తే, అవి ప్రాణాంతక మోతాదు నుంచి పాక్షికంగా రక్షణ పొందాయి. పాక్షికంగా అన్న మాటను మింగేయను. కాని వెస్ట్ నైల్ ప్రోటీన్ స్థానంలో హెచ్5 హీమాగ్లూటినిన్‌ను కూర్చడం ఒక విద్యార్థి మూడేళ్ల పీహెచ్‌డీలో తలపెట్టగల పని.

ఇక జాగ్రత్తలు. దూరం మనల్ని కాపాడుతుందని ఇందాక అన్నాను. అది కళ్లు మూసుకోవడానికి అనుమతి కాదు. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను నుంచి ఆగ్నేయాసియాలో ఎస్‌ఎస్‌ఎన్-1 అనే కణ శ్రేణి తీశారు. చేపల నాడీ వ్యాధి వైరస్‌లను పట్టుకోవడానికి ప్రపంచమంతా దాన్ని వాడుతుంది. ఆ కణాల్లో మొదటి నుంచి ఒక రెట్రో వైరస్, అంటే తన జన్యువులను కణపు జన్యువుల్లో కలిపేసే రకం వైరస్, కాపురం ఉంది. 1990లలో దాని జన్యుపటం మొత్తం చదివారు. కొర్రమీను కూర తింటే ఏమీ కాదు, భయపడకండి. కాని టీకా తయారుచేసే కణంలో రెట్రో వైరస్ ఉండడం ఏ అనుమతి అధికారికీ నచ్చదు. మరో సంగతి: ఈపీసీ అనే కణ శ్రేణిని దశాబ్దాలపాటు కార్ప్ చేపదని నమ్మి వాడారు. 2010లో జన్యు పరీక్ష చేస్తే అది ఫాట్‌హెడ్ మినో అనే వేరే చేపదని తేలింది. కన్నతల్లి ఎవరో తెలియని కణంతో మనుషులకు టీకా చేయలేం. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరోలో చేప కణ శ్రేణుల జాతీయ భాండాగారం ఉంది కాబట్టి, మన దేశంలో ఈ పని మొదలుపెట్టేవారు ఫ్రిజ్‌లో దొరికిన పాత గొట్టంతో కాక, వంశవృక్షం తెలిసిన కణంతో మొదలుపెట్టవచ్చు.

క్యాన్సర్ పరీక్షలోనూ ఒక తిరకాసు ఉంది. టీకా కణం కణితి పుట్టిస్తుందా అని ఎలుకలో ఎక్కించి చూడడం నియమం. ట్రౌట్ కణం ఎలుక ఒంటి వేడికే చచ్చిపోతుంది గనుక ఆ పరీక్షలో ఎప్పుడూ ఉత్తీర్ణమే అవుతుంది. అలాంటి ఉత్తీర్ణతకు విలువ లేదు. చేప కణాల కోసం వేరే పరీక్ష ఆలోచించాలి.

వేడి మాట వచ్చింది కాబట్టి నా అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో మే నెల ఆదివారం కరెంటు పోయింది, జనరేటరు అందుకోలేదు. సోమవారం ఉదయం తలుపు తీస్తే గది కొలిమిలా ఉంది. 37 డిగ్రీల అరలో ఉన్న కోతి కణాలకు ఏమీ కాలేదు, వాటికి అది సొంత ఊరు. చల్లదనాన్ని కూడా ఇవ్వగల బీఓడీ ఇంక్యుబేటరులో 20 డిగ్రీల దగ్గర పెట్టిన ట్రౌట్ కణాలు ఫ్లాస్కు అడుగు వదిలేసి తెల్లని నలకల్లా తేలుతున్నాయి. పక్క అరలో శీలావతి కణాలు వాడిపోయాయి గాని చావలేదు. ద్రవం మారిస్తే నాలుగు రోజుల్లో కోలుకున్నాయి. హైదరాబాద్ ఎండకు ట్రౌట్ కంటే శీలావతి మేలన్న నా పక్షపాతానికి మూలం ఆ సోమవారమే.

సభ మొదలయ్యే ముందు ఒక పెద్దాయన, షాద్‌నగర్ వైపు లేయర్ ఫారం నడిపే రైతు, నన్ను ఆపి, ‘‘సార్, ఈ టీకా మా షెడ్డుకు ఎప్పుడొస్తది?’’ అని అడిగారు. ఆయనకు సూటిగా సమాధానం బాకీ ఉన్నాను. కొక్కెర తెగులుకు కంట్లో చుక్క వేసినట్టు హెచ్5ఎన్1కు టీకా వేయడాన్ని మన దేశం ఇప్పటివరకు అనుమతించలేదు. సోకిన ఫారంలోనూ చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలోనూ కోళ్లను తీసేయడమే మన విధానం. చైనా చాలా కాలంగా టీకా వేస్తోంది, ఫ్రాన్సు 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తోంది. టీకా వేసిన కోడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను దాచుకోవచ్చునన్న సందేహం, ఎగుమతుల లెక్క, ఇవన్నీ ఆ నిర్ణయంలో ఉన్నాయి. ఒకవేళ అనుమతి వచ్చినా, కోడి టీకా ధర పైసల్లో లెక్కపెట్టేది. ఖరీదైన దూడ సీరం తాగి, నెమ్మదిగా పెరిగే చేప కణం ఆ ధరకు ఇప్పట్లో దిగిరాదు. కాబట్టి అయ్యా, ఇది మీ షెడ్డు కోసం కాదు. మనుషుల్లో ఈ వైరస్ వ్యాపించే రోజంటూ వస్తే, గుడ్లు దొరకని ఆ రోజున చేతిలో ఉండవలసిన మరో సాధనం కోసం.

విద్యార్థులకు, మొదట చేయవలసిన ప్రయోగం చెప్పి ముగిస్తాను. ప్రాణాంతక వైరస్‌ను ముట్టవద్దు; అది భోపాల్‌లోని అధిక భద్రతా సంస్థ లాంటి చోట్ల మాత్రమే చేయవలసిన పని. ప్యూర్టోరికో-8 లాంటి ప్రయోగశాల వైరస్‌ను తీసుకోండి. శీలావతి కణాలను ఒకే రోజున మూడు ఫ్లాస్కుల్లో పరిచి, ఒకటి 28, ఒకటి 30, ఒకటి 32 డిగ్రీల దగ్గర పెట్టండి. వైరస్ వేసి, ట్రిప్సిన్ కలిపి, రోజూ కొద్దిగా ద్రవం తీసి వారం రోజులు కొలవండి. మూడింటిలో ఒక్కదానిలోనైనా వైరస్ పెరిగితే మొదటి దారి తెరుచుకున్నట్టు. మూడింటిలోనూ పెరగకపోతే పక్షి ఏఎన్‌పీ32ఏ జన్యువును ఆ చేప కణంలోకి చేర్చి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే రెండో దారికి, మూడో దారికి వెళ్లండి. కొలిచే పద్ధతి మీకు తెలిసిందే, వైరస్ ఎర్ర రక్తకణాలను ఒకదానికొకటి అతికించడాన్ని చూసే హీమాగ్లూటినేషన్ పరీక్ష. దానికి మాత్రం కోడి ఎర్ర రక్తకణాలు కావాలి. వారానికి ఒకసారి ఏ కోడి రెక్కలోంచైనా రెండు మిల్లీలీటర్ల రక్తం తెచ్చుకోక తప్పదు.